ఏ నూనె మంచిది? ఒకే ప్రశ్నలా కనిపించే నాలుగు ప్రశ్నలు

వంటనూనె వాడకాన్ని 10 శాతం తగ్గించుకోమని 2025 ఫిబ్రవరి 23న ‘మన్ కీ బాత్’లో ప్రధాని మోదీ దేశ ప్రజలను కోరారు. ఆ ఏడాది ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి కూడా అదే మాట చెప్పారు. ఈ మధ్యకాలంలో మన ఊళ్ళలో వీధివీధికీ చెక్క గానుగ దుకాణాలు వెలిశాయి. రిఫైన్డ్ నూనె విషంతో సమానమని ఒక వీడియో చెబుతుంది. గానుగ నూనె త్వరగా పొగ వస్తుంది కాబట్టి వేపుళ్ళకు అదే ప్రమాదమని ఇంకో వీడియో చెబుతుంది. నెయ్యి ఎంత తిన్నా ఏం కాదని ఒకరు, చుక్క కూడా ముట్టొద్దని మరొకరు. ఇవన్నీ విన్నాక కిరాణా కొట్టులో నూనెల అర ముందు నిలబడితే టెన్షన్ రావడం సహజం.

‘ఏ నూనె మంచిది’ అని మనం అడిగే ఒక్క ప్రశ్నలో నిజానికి నాలుగు ప్రశ్నలు ఇరుక్కుని ఉన్నాయి. ఎంత వాడుతున్నాం? ఆ నూనెలో ఏ రకం కొవ్వు ఉంది? గింజ నుంచి దాన్ని ఎలా తీశారు? పొయ్యి మీద పెట్టాక దానికి ఏమవుతుంది? గానుగ నూనెను మెచ్చుకునేవాళ్ళు మూడో ప్రశ్నకు జవాబు చెబుతుంటారు. గుండె డాక్టర్లు రెండో దానికి చెబుతుంటారు. ప్రధాని మాట్లాడింది మొదటి దాని గురించి. ఒకదానికి చెప్పిన జవాబును ఇంకోదానికి అతికించడం వల్లే గందరగోళం అంతా. విడివిడిగా చూస్తే చాలావరకు తేలిపోతుంది. తేలనివి కూడా కొన్ని ఉన్నాయి, అవీ చెప్పుకుందాం.

## ఇంట్లో మనిషికి రోజుకు ఎంత పడుతోంది

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో భారతీయుల కోసం కొత్త ఆహార సూచనలు విడుదల చేసింది. రోజుకు 2000 కిలోకేలరీలు అవసరమయ్యే మనిషి పళ్ళెంలో ఏది ఎంత ఉండాలో అందులో లెక్క ఇచ్చారు. నూనెలూ కొవ్వులూ అన్నీ కలిపి 27 గ్రాములు. టీస్పూనులో సుమారు నాలుగున్నర గ్రాముల నూనె పడుతుంది కాబట్టి, ఇది ఆరు టీస్పూన్లు. పప్పులో వేసుకునే నెయ్యి, బ్రెడ్డుకు రాసుకునే వెన్న కూడా ఈ ఆరులోకే వస్తాయి.

దీన్ని మన ఇంటి లెక్కలోకి తెచ్చుకుందాం. నలుగురున్న ఇల్లు, నెలకు 5 లీటర్లు. లీటరు నూనె బరువు దాదాపు 910 గ్రాములు. అంటే నెలకు 4550 గ్రాములు. నలుగురికీ ముప్పై రోజులకూ పంచితే మనిషికి రోజుకు 38 గ్రాములు. 27 గ్రాముల లెక్క ప్రకారం అదే ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు చాలు, అందులోనూ నెయ్యి కలిసే ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే, ఎవరైనా బాగా ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళుంటే ఈ అంకె అటూఇటూ అవుతుంది. బయట తినే దోసె, సాయంత్రం బజ్జీ, బేకరీ పఫ్ ఇందులో చేరలేదు.

దేశం మొత్తంగా చూస్తే పరిస్థితి ఇంకా ఘోరం. 2024 ఆగస్టులో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదిక ప్రకారం తలసరి వంటనూనె వినియోగం ఏడాదికి 19.7 కిలోలకు చేరింది. రోజుకు 54 గ్రాములు. హోటళ్ళు, మిఠాయి దుకాణాలు, బిస్కట్ ఫ్యాక్టరీలు, పారబోసేది అంతా కలిసిన అంకె కాబట్టి ఇదంతా కడుపులోకే వెళ్తోందని చెప్పలేం. అయినా అందులో 10 శాతం తగ్గిస్తే మిగిలేది 48 గ్రాములకు పైనే. పిలుపు మంచిదే, కానీ అది తొలి మెట్టు మాత్రమే అని ఈ లెక్కే చెబుతోంది.

వేయించిన వాటిలోకి నూనె ఎంత వెళ్తుందో చాలామందికి అంచనా ఉండదు. ఇంట్లో తూకం ఉంటే తెలుసుకోవడం తేలిక. బాణలిలో పోసే ముందు నూనె తూచి, వంట అయ్యాక చల్లార్చి మళ్ళీ తూచాలి. 900 గ్రాములు పోసి 20 పూరీలు వేయించాక 740 మిగిలిందనుకుందాం. 160 గ్రాములు పూరీల్లోకి పోయింది, ఒక్కోదానికి 8 గ్రాములు. నాలుగు పూరీలు తింటే 32 గ్రాములు. కూరలో నూనె ఇంకా లెక్కలోకే రాలేదు, రోజంతటి వాటా దాటిపోయింది.

ఇక్కడ ఒక సంగతి దగ్గరగా చూడదగ్గది. పూరీ నూనెలో ఉన్నంతసేపూ దానిలోని నీరు ఆవిరై బయటికి తన్నుకొస్తూ ఉంటుంది. చుట్టూ కనిపించే బుడగలు ఆ ఆవిరే. ఆవిరి బయటికి తోస్తుంటే నూనె లోపలికి వెళ్ళడం కష్టం. పైకి తీసి పక్కన పెట్టాక అసలు కథ మొదలవుతుంది. పూరీ చల్లారేకొద్దీ లోపలి ఆవిరి నీరుగా మారి, ఖాళీ ఏర్పడి, పైపొరకు అంటుకున్న నూనెను లోపలికి లాగేస్తుంది. అందుకే చిల్లుల గరిటెతో తీసిన వెంటనే, వేడి మీదే, బాణలి అంచున కాసేపు నిలబెట్టి వార్చితే కొంత నూనె మిగులుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చేసి తర్వాత కాగితం అద్దితే అప్పటికే ఆలస్యం. నూనె సరిగా కాగకముందే పిండి వేస్తే ఎక్కువసేపు నానుతూ వేగుతుంది కాబట్టి అప్పుడూ ఎక్కువే పీలుస్తుంది.

## నూనెలో ఉన్న కొవ్వు ఏ రకం

ఏ నూనె అయినా, నెయ్యి అయినా గ్రాముకు 9 కిలోకేలరీలే. ‘లైట్’ అని పేరు పెట్టినా, గానుగలో తీసినా, ఆలివ్ అయినా ఇందులో తేడా లేదు. తేడా అంతా కొవ్వు ఆమ్లాల్లో ఉంటుంది.

కొవ్వు ఆమ్లం అంటే కార్బన్ పరమాణువుల పొడవాటి గొలుసు. గొలుసులో ఎక్కడా జంట బంధం లేకపోతే అది సంతృప్త కొవ్వు. ఒక్కచోట జంట బంధం ఉంటే ఏక అసంతృప్త కొవ్వు, రెండు మూడు చోట్ల ఉంటే బహు అసంతృప్త కొవ్వు. ఈ పేర్లు గుర్తుండకపోయినా ఫర్వాలేదు, ఒక్క విషయం గుర్తుంటే చాలు. జంట బంధం ఉన్నచోట గాలిలోని ఆక్సిజన్ తేలిగ్గా దాడి చేస్తుంది. అందువల్ల బంధాలు ఎక్కువైనకొద్దీ నూనె త్వరగా పాడవుతుంది. జంట బంధం దగ్గర గొలుసు వంగి, గొలుసులు దగ్గరగా సర్దుకోలేవు కాబట్టి నూనె పల్చగానూ ఉంటుంది. సంతృప్త కొవ్వు గట్టిగా ఉంటుంది, నిలకడగా ఉంటుంది. చలికాలంలో కొబ్బరినూనె గడ్డకట్టడానికి, సన్‌ఫ్లవర్ నూనె కట్టకపోవడానికి కారణం ఇదే.

ఏ నూనె అయినా మూడు రకాల కొవ్వుల మిశ్రమమే. వేరుశనగ నూనెలో సంతృప్త కొవ్వు 18 శాతం దాకా, ఏక అసంతృప్తం సగం దాకా ఉంటుంది, మిగతాది బహు అసంతృప్తం. నువ్వుల నూనెలో సంతృప్తం 15 శాతం దరిదాపు, మిగతా రెండూ ఇంచుమించు సమానం. తవుడు నూనె కూడా ఈ రెంటి కోవలోదే, సంతృప్తం కాస్త ఎక్కువ. సన్‌ఫ్లవర్‌లో సంతృప్తం 11 శాతమే, బహు అసంతృప్తం మాత్రం 60 శాతం పైన. పామోలిన్‌లో (పామాయిల్ నుంచి వేరుచేసిన పల్చటి భాగం) సంతృప్తం 45 శాతం దాకా ఉంటుంది. నెయ్యిలో 60 నుంచి 65 శాతం, కొబ్బరినూనెలో 90 శాతం.

ఈ శాతాలు రోజువారీ తిండిలో ఏమాత్రం తేడా తెస్తాయో చూద్దాం. రోజుకు 2000 కిలోకేలరీలు తినేవాళ్ళు సంతృప్త కొవ్వును పదో వంతుకు లోపల ఉంచుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పదో వంతు అంటే 200 కిలోకేలరీలు, అంటే 22 గ్రాములు. ఆ 27 గ్రాముల నూనె వాటాను మొత్తం సన్‌ఫ్లవర్‌తో నింపితే సంతృప్త కొవ్వు 3 గ్రాములు వస్తుంది. వేరుశనగ నూనెతో 5, పామోలిన్‌తో 12, కొబ్బరినూనెతో 24.

అయితే సంతృప్త కొవ్వు నూనె సీసాలోంచి మాత్రమే రాదు. రోజుకు 300 మిల్లీలీటర్ల టోన్డ్ పాలు వాడితే ఐదారు గ్రాములు వస్తుంది. అవే చిక్కటి గేదె పాలయితే పన్నెండు గ్రాములు దాటుతుంది. సీసా మార్చినా రక్తపరీక్ష మారలేదని బాధపడే ఇళ్ళలో ఈ పాలు, పెరుగు, నెయ్యి, బేకరీ సరుకు లెక్క ఒకసారి చూసుకోవడం అవసరమని నా అభిప్రాయం.

పాకెట్ మీద పెద్ద అక్షరాలతో ‘కొలెస్ట్రాల్ లేదు’ అని ఉంటే దానికి విలువ ఇవ్వనక్కర్లేదు. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. ఒంట్లో కొలెస్ట్రాల్ పెరగడం మీద ప్రభావం చూపేది ముఖ్యంగా సంతృప్త కొవ్వూ, ట్రాన్స్ కొవ్వూ.

ట్రాన్స్ కొవ్వు విషయంలో మాత్రం పండితుల్లో భేదాభిప్రాయం లేదు. నూనెకు హైడ్రోజన్ పట్టించి గట్టిపరిచిన వనస్పతి దీనికి పెద్ద మూలం. మన దేశంలో నూనెల్లో, కొవ్వుల్లో దీని పరిమితిని 2021 జనవరి నుంచి 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి దించారు.

## సంతృప్త కొవ్వు, గింజ నూనెలు: వాదం ఎక్కడుంది

ఇక్కడ తగవు నిజమైనదే. డాక్టర్లలో చాలామందీ, ఆరోగ్య సంస్థలూ చెప్పేది ఒకటి: సంతృప్త కొవ్వు తగ్గించి ఆ స్థానంలో అసంతృప్త కొవ్వు తింటే చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది, గుండెకు మేలు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో ఇదే చెబుతూ కొబ్బరినూనె వాడొద్దని కూడా సలహా ఇచ్చింది. ఎన్నో ప్రయోగాలను కలిపి తూచిన 2020 నాటి కొక్రేన్ సమీక్షలో, కనీసం రెండేళ్ళపాటు సంతృప్త కొవ్వు తగ్గించినవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం వంటివన్నీ కలిపి సుమారు 17 శాతం తగ్గాయని తేలింది. మరణాల సంఖ్యలో మాత్రం పెద్ద తేడా కనిపించలేదని కూడా అదే సమీక్ష చెప్పింది.

దీన్ని ఒప్పుకోని రెండో వర్గం ముఖ్యంగా చూపించేది మిన్నెసోటా ప్రయోగాన్ని. 1968 నుంచి 1973 దాకా అమెరికాలో నడిచిన ఆ ప్రయోగంలో సంతృప్త కొవ్వు తీసేసి మొక్కజొన్న నూనె పెట్టారు. అప్పట్లో పూర్తిగా బయటికి రాని వివరాలను తవ్వితీసి 2016లో ప్రచురించారు. కొలెస్ట్రాల్ తగ్గింది, మరణాలు తగ్గలేదు. గింజ నూనెల్లోని ఒమేగా-6 (బహు అసంతృప్త కొవ్వులో ఒక రకం) ఒంట్లో లోలోపలి వాపును (ఇన్‌ఫ్లమేషన్) పెంచుతుందని ఈ వర్గం వాదన. చాలామంది ఆ తిండిని ఏడాది కూడా తినలేదని, అంత తక్కువ కాలంలో ఏదీ తేలదని మొదటి వర్గం జవాబు. ఒమేగా-6 తిన్న మనుషుల రక్తంలో వాపు సూచికలు పెరగడం ప్రయోగాల్లో పెద్దగా కనిపించలేదని కూడా వాళ్ళు చెబుతారు.

సాక్ష్యం బరువు నాకు మొదటివైపే ఎక్కువ కనిపిస్తుంది. కానీ ‘సన్‌ఫ్లవర్ తప్ప ఇంకేదీ వద్దు’ అనడానికి అందులో ఆధారం లేదు. సన్‌ఫ్లవర్‌లో ఒమేగా-3 (బహు అసంతృప్త కొవ్వులోనే ఇంకో రకం) దాదాపు ఉండదు. ఆవనూనె, సోయా, అవిసెగింజల్లో ఉంటుంది. ఒకే నూనెను ఏళ్ళతరబడి పట్టుకోకుండా రకాలు మార్చుకోవాలని పోషకాహార సంస్థ చెప్పడంలో ఆంతర్యం ఇది. మన వంటిళ్ళకు ఇదేం కొత్త కాదు. పచ్చడికి నువ్వుల నూనె, వేపుడుకు వేరుశనగ నూనె, అన్నంలోకి కాస్త నెయ్యి ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. తేడా వచ్చింది మోతాదులో.

పామోలిన్‌ను కూడా ఇక్కడే చూడాలి. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ‘అమ్మహస్తం’ కింద రేషన్ షాపుల్లో ఇచ్చిన తొమ్మిది సరుకుల్లో అది ఒకటి. ఇవాళ ఏలూరు జిల్లా నుంచి అశ్వారావుపేట దాకా ఆయిల్ పామ్ తోటలు కనిపిస్తాయి. 2021లో కేంద్రం 11,040 కోట్లతో ఈ పంట కోసం ప్రత్యేక పథకం పెట్టింది. దేశానికి కావలసిన నూనెలో సగానికి పైగా దిగుమతే కాబట్టి, ఎకరానికి అన్నిటికన్నా ఎక్కువ నూనె ఇచ్చే పంటను పెంచడంలో అర్థముంది. అది ఆర్థిక కారణం. పామోలిన్ విషం కాదు, అలాగని వేరుశనగ నూనెతో సమానమూ కాదు. చవక కాబట్టి హోటల్ తిండిలో, పాకెట్ చిరుతిళ్ళలో మనకు తెలియకుండానే అది చాలా చేరుతోంది. అందుకే ఇంట్లో ఇంకో రకం వాడుకోవడం మేలు.

## గానుగలో తీస్తే ఏముంటుంది, రిఫైన్ చేస్తే ఏం పోతుంది

గానుగలో గింజను నెమ్మదిగా నలిపి నూనె పిండుతారు. వేడి పెద్దగా పుట్టదు. మడ్డి అడుగుకు దిగాక వడకడతారు, అంతే. గింజ రంగు, వాసన, విటమిన్-ఇ, ఇతర సహజ పదార్థాలు నూనెలోనే ఉండిపోతాయి.

రిఫైనరీలో వరుసగా నాలుగు పనులు జరుగుతాయి. ముందు జిగురు తీసేస్తారు. తర్వాత క్షారంతో విడి కొవ్వు ఆమ్లాలను, అంటే కొవ్వు నుంచి ఊడి విడిగా ఉన్నవాటిని, తొలగిస్తారు. ఒక రకం మట్టితో రంగు పీల్చేస్తారు. చివర్లో గాలి తీసేసిన పాత్రలో 200 డిగ్రీలు దాటిన వేడి మీద ఆవిరి పంపి వాసన పోగొడతారు. వీటికన్నా ముందు, పిండగా మిగిలిన చెక్కలోంచి హెక్సేన్ అనే ద్రావకంతో మిగతా నూనె లాగుతారు. వీడియోల్లో భయపెట్టేది ఈ పేరుతోనే. హెక్సేన్ 69 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. మిగిలే జాడ 10 లక్షల పాళ్ళలో 5 పాళ్ళు దాటకూడదని మన నిబంధన. తవుడులో నూనె తక్కువ కాబట్టి తవుడు నూనె ప్రధానంగా ఈ పద్ధతిలోనే తీస్తారు. హెక్సేన్ కోసం సన్‌ఫ్లవర్ మానేసి తవుడు నూనెకు మారడంలో అర్థం లేదన్నమాట.

రిఫైనింగ్‌లో నష్టం లేదని కాదు. విటమిన్-ఇ కొంత పోతుంది. ఎక్కువ వేడి వల్ల, ముఖ్యంగా పామాయిల్‌లో, కొన్ని అవాంఛిత పదార్థాలు పుడతాయి. యూరప్‌లో వాటికి చట్టపరంగా పరిమితులు పెట్టారు. లాభం కూడా ఉంది. బూజు పట్టిన వేరుశనగల్లో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుంది, అది కాలేయానికి చేటు. రిఫైనింగ్‌లో అది చాలావరకు పోతుంది. గానుగ నూనెకు ఆ వడపోత లేదు. గింజ మంచిదైతేనే నూనె మంచిది. అందుకని గానుగ దగ్గర నేను చూడమనేది యంత్రాన్ని కాదు, పక్కన ఉన్న గోతాన్ని. ముడుచుకుపోయిన, రంగు మారిన, బూజు వాసన వేసే పప్పులుంటే అక్కడ కొనకపోవడమే మంచిది.

గమనించాల్సిందేమిటంటే, గానుగలో తీసినా రిఫైన్ చేసినా వేరుశనగ నూనెలో కొవ్వు ఆమ్లాల పాళ్ళు దాదాపు ఒకటే. రక్తంలో కొలెస్ట్రాల్ మీద ప్రభావం చూపేది ఆ పాళ్ళు. గానుగకు మారితే రుచి, వాసన, విటమిన్-ఇ కలిసొస్తాయి. కొవ్వు లెక్క మారదు.

ధర గురించి కూడా ఒక మాట. లీటరు నూనె రావాలంటే గానుగలో రెండున్నర కిలోల దాకా వేరుశనగ పప్పు పడుతుంది. పప్పు కిలో 130 రూపాయలు అనుకుంటే గింజలకే 325. మిగిలే చెక్క కిలోన్నర లోపు. అది కిలో 40 చొప్పున అమ్ముకుంటే ఓ 55 రూపాయలు వెనక్కి వస్తాయి. ఇక కరెంటు, కూలి, అద్దె, సీసా ఉండనే ఉన్నాయి. ఈ లెక్కన 270 రూపాయల లోపు లీటరు గిట్టుబాటు కాదు. పప్పు ధర మారినప్పుడల్లా ఈ లెక్క మీరే వేసుకోవచ్చు. గింజల ఖర్చు కన్నా చవగ్గా ‘స్వచ్ఛమైన గానుగ నూనె’ ఎవరైనా ఇస్తానంటే అందులో ఇంకేదో కలిసిందని అనుమానించాల్సిందే.

## పొగ వచ్చే వేడి ఒక్కటే కొలమానమా

నూనెను కాచుతూ పోతే ఒక దశలో సన్నగా నీలిపొగ లేస్తుంది. రిఫైన్డ్ వేరుశనగ, సన్‌ఫ్లవర్, తవుడు నూనెల్లో ఇది 225, 230 డిగ్రీల దగ్గర వస్తుంది. నెయ్యిలో 250 దాకా ఆగుతుంది. శుద్ధి చేయని నూనెల్లో 160, 175 డిగ్రీలకే రావచ్చు. బాణలిలో గారెలు, బజ్జీలు వేగే వేడి 170 నుంచి 190 డిగ్రీలు. ఈ అంకెలు పక్కపక్కన పెట్టే గానుగ నూనె వేపుళ్ళకు పనికిరాదని వీడియోల్లో తేల్చేస్తుంటారు.

అంకెలు తప్పు కావు, తీర్మానమే తొందరపాటు. మొదటిది, పొగ త్వరగా రావడానికి ముఖ్య కారణం నూనెలో విడిగా ఉన్న కొవ్వు ఆమ్లాలు. మంచి గింజలతో తీసి బాగా వడకట్టిన తాజా గానుగ నూనెలో అవి తక్కువ, పొగా ఆలస్యంగానే వస్తుంది. పాతబడిన గింజలతో తీసిన నూనెలో ఎక్కువ. రెండోది, పొగ రాకపోయినా నూనె చెడిపోతూ ఉండొచ్చు. సన్‌ఫ్లవర్ పొగ వచ్చే వేడి ఎక్కువే, కానీ బహు అసంతృప్త కొవ్వు అంత ఉండడం వల్ల గంటలకొద్దీ మరిగితే ఆక్సిజన్ దాడికి త్వరగా లొంగిపోతుంది. నువ్వుల నూనె పొగ వచ్చే వేడి అంత గొప్పది కాదు, అయినా దానిలోని సెసమాల్ వంటి పదార్థాలు ఆ దాడిని అడ్డుకుంటాయి. ఆవకాయ జాడీలో నెలల తరబడి ఉన్నా నువ్వుల నూనె త్వరగా వాసన మారకపోవడానికి ఇదొక కారణం.

పోపు పెట్టడం, కూర వండడం వంటి వాటికి ఈ చర్చంతా అనవసరం. ఆవాలు చిటపటలాడడానికి నూనె పొగలు కక్కనక్కర్లేదు. ఉల్లిపాయ ముక్కలు పడగానే వాటిలోని నీరు వేడిని దించేస్తుంది. ఐదు నిమిషాల పనికి ఏ నూనె అయినా ఆగుతుంది. అరగంట, గంట బాణలి దించకుండా జంతికలో అరిసెలో చేసేటప్పుడే నిలకడ గురించి ఆలోచించాలి. అక్కడ వేరుశనగ, తవుడు నూనెలు సన్‌ఫ్లవర్ కన్నా మెరుగు.

## ఒకసారి కాగిన నూనెను ఏం చేయాలి

పండగనాడు పిండివంటలు అయ్యాక అరలీటరు నూనె మిగులుతుంది. పారబోయడానికి ఏ ఇల్లాలికీ చేయి రాదు, రావాలని కూడా నేను అనను. దానిలో ఏం మార్పులు వచ్చాయో తెలిస్తే ఎక్కడిదాకా వాడొచ్చో తెలుస్తుంది.

పిండిలోని తేమ నూనెలో కలిసి కొవ్వును విరగ్గొడుతుంది, విడి కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి. అందుకే రెండోసారి అదే నూనె ముందుకన్నా తక్కువ వేడికే పొగ వస్తుంది. గాలి తగిలి ఆక్సీకరణ జరుగుతుంది, వాసన మారుతుంది. కొన్ని అణువులు ఒకదానికొకటి అతుక్కుని నూనె చిక్కబడుతుంది. బాణలి అంచున తోమినా పోని గోధుమరంగు జిగురు ఇలా అతుక్కున్నదే. వేసిన ప్రతిసారీ బుడగలు తెల్లటి నురుగులా లేచి అణగకపోతే నూనె పని అయిపోయినట్టు.

ఈ మార్పులన్నిటినీ కలిపి కొలిచే అంకె ఒకటి ఉంది, మొత్తం ధ్రువ పదార్థాల శాతం అంటారు. తాజా నూనెలో ఇది చాలా తక్కువ. 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. రోజుకు 50 లీటర్లకు మించి నూనె కాచే హోటళ్ళు, ఫ్యాక్టరీలు లెక్క రాసి, వాడేసిన నూనెను గుర్తింపు ఉన్న సంస్థలకు ఇవ్వాలి. వాటి ద్వారా అది బయోడీజిల్‌గా మారుతుంది. రోడ్డు పక్క బండి దాకా ఈ నిఘా ఎంత చేరుతుందన్నది వేరే ప్రశ్న. అక్కడ నూనె నల్లగా, చిక్కగా ఉందేమో మన కళ్ళే చూసుకోవాలి.

ఇంటి విషయంలో పోషకాహార సంస్థ సలహా స్పష్టంగా ఉంది. వేయించగా మిగిలిన నూనెను వడకట్టి కూరల్లోకి వాడుకోవచ్చు, మళ్ళీ వేయించడానికి వద్దు, ఒకటి రెండు రోజుల్లో అయిపోవాలి. దీని వెనక కారణం పైన చెప్పిందే. కూరలో వేడి తక్కువ, సమయం తక్కువ, కాబట్టి కొత్తగా చెడిపోయేది తక్కువ. అడుగున మాడిన పిండి నలకలు ఉంటే అవి నూనెను ఇంకా త్వరగా పాడుచేస్తాయి, వడకట్టమనేది అందుకే. పాత నూనెలో కొత్త నూనె కలిపి ‘బాగుచేయడం’ మాత్రం జరగదు. పాతదానిలో ఉన్నవన్నీ అందులోనే ఉంటాయి, కొత్తదీ త్వరగా చెడుతుంది. చిన్న, లోతైన మూకుడులో కొద్ది నూనె పోసి విడతలుగా వేయించుకుంటే అసలు మిగిలేదే తక్కువ.

## పాకెట్ వెనక చదవాల్సినవి

ముందువైపు బొమ్మలో తవుడు నూనె కనిపించినా, వెనక ‘బ్లెండెడ్’ అని, ఏ నూనె ఎన్ని పాళ్ళో ఉండొచ్చు. రెండు నూనెలు కలపడం చట్టబద్ధమే, ఏదీ 20 శాతానికి తగ్గకూడదు, పాళ్ళు రాయాలి. కలిపిన నూనె చెడ్డదేమీ కాదు, రెండు రకాల కొవ్వు ఒకే సీసాలో వస్తుంది. కానీ 80 పాళ్ళు చవక నూనె, 20 పాళ్ళు ఖరీదైన నూనె ఉన్నదానికి ఖరీదైన దాని ధర కట్టకూడదు కదా. ‘డబుల్ రిఫైన్డ్’, ‘కొలెస్ట్రాల్‌తో పోరాడుతుంది’ వంటి మాటలు నూనె పాకెట్ల మీద వేయడాన్ని మన నిబంధనలు ఎప్పుడో నిషేధించాయి, అవి కనిపిస్తే అనుమానించండి. విడి నూనె అమ్మకం కూడా నిషిద్ధమే. కళ్ళ ముందు ఆడించి సీసాలో పోసే గానుగ దగ్గరైనా మూత, తేదీ, లైసెన్సు నంబరు అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

చివరిగా బరువు. నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది. లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర 893 గ్రాములే తూగుతుంది. కొన్ని కంపెనీలు ఎక్కువ ఉష్ణోగ్రత రాసి లీటరు పేరుతో తక్కువ నూనె నింపుతున్నాయని, ఉష్ణోగ్రత తీసేసి బరువు కూడా సరిగా రాయాలని కేంద్ర వినియోగదారుల శాఖ 2022 ఆగస్టులో ఆదేశించింది. ఇప్పుడు మార్కెట్లో లీటరు పాకెట్ల పక్కనే, అదే సైజులో 850 గ్రాముల పాకెట్లు కూడా ఉంటున్నాయి. 850 గ్రాముల పాకెట్ 140 రూపాయలు, 910 గ్రాముల పాకెట్ 148 రూపాయలు అనుకోండి. మొదటిది కిలో 165 పడుతుంది, రెండోది 163. ఎనిమిది రూపాయలు తక్కువ కదా అని తీసుకున్నదే ఖరీదైనది. ఇంట్లో మనిషికి రోజుకు ఎన్ని గ్రాములు పడుతోందో లెక్క వేసుకునేటప్పుడు కూడా, పాకెట్ల సంఖ్యను వాటి మీద రాసిన గ్రాములతోనే హెచ్చించాలి.